కుట్టకుండా మిగిలిన మూల

పోయిన నెలలో పుంగనూరు పక్క పల్లె నుంచి గంగులమ్మ మా ఇంటికి వచ్చింది. అరవై దాటిన మనిషి. మదనపల్లె బస్టాండులో దిగి, యూరియా సంచి ఒకటి నెత్తిన పెట్టుకుని, ఎండలో మా వీధిదాకా నడిచి వచ్చింది. ఆటో ఎక్కి రాకపోయావా అంటే, "ఆటోవాడు కాళ్ళకింద పెట్టుకోమన్నాడు అయ్యోరా, నాకు మనసొప్పలా" అంది. నా భార్య సుశీల ఇచ్చిన మజ్జిగ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, సంచి విప్పి ఒక బొంత తీసి వసారాలో పరిచింది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా వేసి కుట్టిన నిండు బొంత. మడతల్లోంచి ఎండిన వేపాకు పొడి రాలింది. ఆ వాసనకే నాకు తెలిసిపోయింది, వంగి చూడనవసరం లేకపోయింది. అయినా వంగి చూశాను. మూడు మూలలు గట్టిగా కుట్టి ఉన్నాయి. నాలుగోది జానెడు మేర తెరుచుకుని, లోపలి తెల్ల గుడ్డల పొరలు పుస్తకం పుటల్లా కనిపిస్తున్నాయి.

"మాయమ్మ పోయి నెలయ్యింది గదా. పెట్టె అడుగున ఉండింది. పొయ్యేముందే చెప్పింది, దీనికి ఒక మూల అయ్యోరు కుట్టాల, తీసకపోయి ఆయప్ప చేతికియ్యి అని. నేను పుట్నప్పుడు నాకోసరం కుట్టిందంట గదా ఇది? ఒక్క పొద్దన్నా దీంట్లో పండుకోలేదు నేను. యాల ఇట్ల ఇడిసిపెట్నారు అయ్యోరా?"

ఆమె మామూలుగానే అడిగింది. సుశీల నా వైపు చూసి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత చెబుతానులే అని గంగులమ్మను బస్సెక్కించి పంపాను. ఆమెకు చెప్పవలసిన జవాబే ఇప్పుడు రాస్తున్నాను.

గంగులమ్మ పుట్టేనాటికి నాకు బడిలో అయ్యోరుగా ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. అమ్మా నాన్నా లేరు. నన్ను పెంచింది మా అక్క కరుణమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది. పెళ్ళైన రెండో ఏడే బావ జబ్బుపడి మిషన్ ఆసుపత్రిలో పోయాడు. అక్క మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఆసుపత్రి వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు మాది. ఉదయం ప్రార్థన, తర్వాత రాగి సంగటి, ఆదివారం గుడి, అదే మా చర్చి, అక్కడ పిల్లలకు అక్క చెప్పే పాఠం. బయటివాళ్ళకు మా ఇల్లు ఇంతే. కానీ ఆ ఇంటికి బేస్తవారం అనేది ఒకటి ఉండేది. మా వైపు గురువారాన్ని అలాగే అంటారు. మిగతా ఆరు రోజులూ అక్క ఆ రోజుకోసం పని చేసినట్టు ఉండేది. బుధవారం సాయంత్రానికే పాత చీరలు కుంకుడుకాయతో ఉతికి, పలచటి గంజి పెట్టి, బండమీద ఆరేసి, మడిచి పెట్టేది. బేస్తవారం మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి ముందు గదిలో ఎండ వాసన, గంజి వాసన, వేయించిన శెనక్కాయల వాసన కలిసి ఉండేవి. చక్కెర దొరకని కాలం కాబట్టి బెల్లం కాఫీ. గదంతా బొంత పరుచుకుని ఉంటే నేను గోడవారగా, చెప్పులు చేతబట్టుకుని లోపలికి పోవాలి.

ఆ గుంపులో ఎప్పుడూ ఉండేవాళ్ళు ముగ్గురు. అక్క ఒకరు. రామక్క ఇంకొకరు. పుంగనూరు పక్క పల్లెలో గొర్రెలు కాచుకునే ఇల్లు వాళ్ళది. బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచంమీద రామక్క భర్త ఉండేవాడు. ఆయన బతికి ఇంటికి పోయాడు, మా బావ పోలేదు. ఆ రోజునుంచి రామక్క అక్కను వదలలేదు. ప్రతి వారమూ బస్సులో వచ్చి, టౌనులో పెరుగు అమ్ముకుని, ఖాళీ కుండ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేది. మూడో మనిషి ఖాసింబీ. బజారు వీధిలో దర్జీ భార్య, అప్పటికి పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. తెల్ల దుప్పటి తలనిండా కప్పుకుని, మొగుడి కత్తెర కింద రాలిన రంగు రంగుల ముక్కలు మూటగట్టుకుని వచ్చేది. వారానికి ఆ ఒక్క పూటే ఆమె బయటికి రావడం. మా గడప దాటగానే దుప్పటి తీసి మేకుకు తగిలించేది. ఆ తర్వాత ఆమె నోటికి అడ్డు లేదు.

అది యుద్ధకాలం. కొత్త గుడ్డ కూపనుమీద తప్ప దొరకదు, దొరికినా నాణ్యం లేదు. మదనపల్లె చలి సంగతి తెలిసిందే. అందువల్ల చినిగిన చీర కూడా విలువైనదే అయింది. పాత గుడ్డలు పొరలుగా పరిచి, అంచులకు రాళ్ళు పెట్టి, తలా ఒక మూలనుంచి మొదలుపెట్టి, దుక్కిలో సాళ్ళలాగా కుట్లు వేసుకుంటూ నడిమికి వచ్చేవాళ్ళు. వాళ్ళకొక పద్ధతి ఉండేది. మూడు మూలలు ఈ ముగ్గురివి. నాలుగో మూల ఆ బొంత ఎవరికోసమైతే వాళ్ళది. తమ మూలలో తాము కట్టి విడిచిన గుడ్డ ముక్క ఒకటి అతికి, ఆఖరున ఆ మూల మూసేస్తారు. ఒకరి మూలను ఇంకొకరు కుట్టరు. నాలుగూ మూసిన తర్వాత నలుగురూ లేచి, తలా ఒక మూల పట్టుకుని మూడుసార్లు దులుపుతారు. అప్పుడే అది బొంత అయినట్టు. ఒక మూల తెరిచి ఉన్నదాన్ని ఎవరూ కప్పుకోరు. ఇది ఎవరు పెట్టిన నియమమో నాకు తెలియదు. వాళ్ళే పెట్టుకుని ఉంటారు.

"సూడమ్మే ఖాసింబీ, మీ అక్క కుట్టు. ఎద్దు ఉచ్చ పోసినట్లు యాడ మొదలుపెట్టి యాడికి పోతాండాదో" అనేది రామక్క.

"నా కుట్టు వంకరైనా గట్టిది. నీ కుట్టు నిన్న ఏసింది ఈపొద్దుకు ఊడొస్తాది" అనేది అక్క. ఖాసింబీ నోట్లో దారం పెట్టుకుని నవ్వలేక, నవ్వు ఆపుకోలేక అవస్థ పడేది.

కుట్టుపని ఒక్కటే కాదు. నెలకు ఒకసారి ఏదో ఒక పేరుతో ఎక్కడికో బయలుదేరేవాళ్ళు. పెట్రోలు కరువై బస్సుల వెనక బొగ్గుపొయ్యిలు బిగించిన రోజులు. మిట్ట వస్తే బస్సు ఆగిపోయేది. మగవాళ్ళు దిగి తోసేవాళ్ళు. మా అక్కా, రామక్కా కూడా దిగి తోసేవాళ్ళట. ఖాసింబీ మొగుడు మంచివాడు, పెద్దవాళ్ళతో కదా పోతోంది అని పంపేవాడు. పుంగనూరు పశువుల సంత చూసి వచ్చారు. హార్సిలీ కొండకు నడిచి ఎక్కి, బొరుగులు తిని, పాటలు పాడుకుని దిగి వచ్చారు. మొహాలకు బొగ్గు మసితో, నవ్వుతూ ఇంటికి వచ్చిన అక్కను చూస్తే, భర్త పోయిన మనిషి ఇంత సంతోషంగా ఉండవచ్చునా అని నాకు అనిపించేది. సంతోషించవలసిన తమ్ముణ్ణి నేను. నాకు మాత్రం సంఘంలో పెద్దలు ఏమనుకుంటున్నారో అన్న దిగులే ముందు పుట్టేది.

ఆ ఏడు కుప్పంలో నాకు సంబంధం కుదిరింది. సుశీల వాళ్ళ నాన్న అక్కడ బడిపంతులు, గుడిలో పెద్ద. అదే సమయంలో రామక్క కూతురు నాగమ్మ కడుపుతో ఉంది. గొర్రెల కాపరుల ఇంట్లో కంబళ్ళకు కొదవ లేదు, కానీ కంబళి పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. అందుకని పురిటికి మెత్తటి బొంత మొదలుపెట్టారు. నాగమ్మది నాలుగో మూల. ఒకనాడు నలుగురూ రామక్క పల్లెకు పోతున్నామని నాతో చెప్పి బయలుదేరారు. మూడో రోజు తిరిగి వచ్చారు. అక్క గడపలో కూర్చుని నవ్వుతోంది, మాట రావడం లేదు. రామక్కే చెప్పింది.

"పల్లెకు పోలేదు అయ్యోరా. పలమనేరు మీంద కుప్పం పొయ్యొచ్చినాము. నీ పెండ్లాం కాబోయే పిల్లను సూడాల గదా! బంగారం పిల్ల. మేము నలుగురం ఇంటిమీద పడితే జడుసుకోకుండా, శెనక్కాయల ఊరుబిండి నూరి, రాగి ముద్ద చేసి పెట్టింది."

"నేను రెండు ముద్దలు తిన్యా" అంది ఖాసింబీ.

నా మొహం మండిపోయింది. పెరుగు అమ్మే రామక్క, కడుపుతో ఉన్న నాగమ్మ, దర్జీ భార్య, విధవైన మా అక్క. పిలవని ఇంటికి పోయి అరుగుమీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటున్న దృశ్యం నా కళ్ళముందు కట్టింది. రెండు వారాల తర్వాత మామగారు పెళ్ళి మాటలకోసం వచ్చారు. కాఫీ తాగుతూ, "మీ అక్కగారి దండు మా ఊరిమీదికి దండెత్తి వచ్చిందప్పా" అని నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఉందనుకున్నాను. అక్కను కట్టడి చేసుకోమని మర్యాదగా చెబుతున్నారనుకున్నాను. నిజానికి అక్కను ఆపమని ఆయన ఒక్క మాట అడగలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు రాసినా చాలదు.

ఆ బుధవారం బడి వదలగానే నేను బజారు వీధికి వెళ్ళాను. దర్జీ అంగడి ముందు నిలబడి, "అక్కకు అమ్మవారు పోసింది. ఎవరూ రావద్దు. రామక్కకు కూడా కబురు చేయండి, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంది కదా" అని చెప్పాను. మశూచి జబ్బును అమ్మవారు అనవద్దని, అది మూఢనమ్మకమని బడిలో పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ మాటనే వాడుకున్నాను. ఎందుకంటే ఆ మాట అంటే ఎవరూ గడప తొక్కరు. మరునాడు మధ్యాహ్నం అక్క ఇల్లు ఊడ్చి, చాప పరిచి, శెనక్కాయలు వేయించి ఎదురుచూసింది. నేను బడినుంచి వచ్చేసరికి కాఫీ చల్లారి ఉంది. "వీళ్ళు రాలేదు దావీదూ. ఏమైందో ఏమో, రేపు పుంగనూరు పొయ్యొస్తా" అంది. దానికీ నేను ఒక మాట సిద్ధం చేసి పెట్టుకున్నాను. బజారులో రామక్క కనిపించిందనీ, పురిటి బొంతమీద భర్త లేనిదాని చెయ్యి పడకూడదని వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారనీ, ఇకమీద ఖాసింబీ ఇంట్లో కుట్టుకుంటామన్నదనీ చెప్పాను.

అక్క "రామక్క అనిందా?" అని ఒకసారి అడిగింది. నేను తల ఊపాను. ఆమె బొంతను మడిచి, సూదులు దానికే గుచ్చి, నా చేతికిచ్చింది. "వాళ్ళదే గదా, ఇచ్చేసి రా. పురిటికి కావాల" అంది. నేను పోయి దర్జీ చేతిలో పెట్టాను. అమ్మవారు పోసిన ఇంటినుంచి గుడ్డ తెచ్చానని కూడా అతను సంకోచించలేదు. వేపాకు వేసి ఎండలో పెడతామన్నాడు. ఆ బొంతలో ఇప్పటికీ వేపాకు ఉండడానికి కారణం అదే.

ఆ చలికాలమంతా అక్క ఇంట్లోంచి కదలలేదు. సంతకు నేనే పోయేవాణ్ణి. బేస్తవారం వస్తే పొద్దున్నే తలనొప్పి అని పడుకునేది. ఒకసారి దర్జీ సందు చివర కనిపించి కొబ్బరినూనె సీసా, దానిమ్మకాయ ఒకటి ఇచ్చాడు. "మా ఇంటామె పంపించింది, అక్కకు ఇయ్యన్నా" అన్నాడు. ఇంకా నీరసంగా ఉంది, మనిషిని చూస్తే అలిసిపోతుంది అని చెప్పి పంపేశాను. ఆ దానిమ్మకాయ అక్కకు ఇచ్చాను. ఎక్కడిదని అడగకుండా తిన్నది. కుప్పంలో నా పెళ్ళి జరిగింది. వాళ్ళకు కబురు పెట్టానని అక్కతో చెప్పాను, పెట్టలేదు. పెళ్ళిలో అక్క మాటిమాటికీ వాకిలివైపు చూడడం నేను చూశాను.

సుశీల కాపురానికి వచ్చిన మూడో వారం మంగళవారం సంతకు వెళ్ళింది. నేను పుస్తకాలు దిద్దుకుంటున్నాను, అక్క బియ్యం ఏరుతోంది. కూరగాయల సంచి గడపలోనే దించి సుశీల నిలబడిపోయింది.

"వదినా, మీకు అమ్మవారు ఎప్పుడు పోసింది?"

"నాకా? నాకేం పోయలేదే."

"సంతలో రామక్క కనిపించింది. 'ఏమ్మా కుప్పం పిల్లా, పెండ్లయిపోయిందా, మాకు చెప్పనే లేదే' అని ఒకటే ఏడుపు. కరుణమ్మ మొగాన మచ్చలు పడినాయా అని అడిగింది. మీరు బాగయితే అంబలి పోస్తానని వాళ్ళ ఊరి గంగమ్మకు మొక్కుకున్నిందంట. నాగమ్మకు ఆడబిడ్డ పుట్టిందంట. బొంత మూడు మూలలు కుట్టి, మీ మూల కోసరం అట్లే పెట్టినారంట. బిడ్డను కంబట్లో పండుకోబెడతాండారంట." సుశీల నా వైపు తిరిగింది. "మీరు చెప్పినారంట గదా, అమ్మవారని?"

అక్క చేటను కిందపెట్టింది. నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"భర్త లేనిదాని చెయ్యి అని వాళ్ళన్నారా, నువ్వన్నావా?"

"నేనే అక్కా."

"యాలరా?"

మామగారు అన్న మాట చెప్పాను. అది విని సుశీల నిర్ఘాంతపోయింది. "మా నాయనా? మీ అక్క దండును చూసి మా నాయన నెలరోజులు నవ్వుకున్న్యాడు. ఆ ఇంట్లో నవ్వుండాది, మా పిల్ల అక్కడ సుఖపడతాదని ఆయప్ప ఈ సంబంధం ఖాయం చేసినాడు."

మరునాడు పొద్దున్నే అక్క మొదటి బస్సుకు పుంగనూరు పోయింది. సాయంత్రం తిరిగి వచ్చింది. బిడ్డ పేరు గంగులమ్మ అని, ఒళ్ళో పెట్టుకుంటే నవ్విందని సుశీలతో చెప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది. "రామక్క సూది చేతికిచ్చింది, నా మూల కుట్టమనింది. నేను కుట్టలేదు. తెరిచింది నువ్వు, ఆ మూల నీది. నువ్వు పోయి కుట్టు" అంది. నేను నేలచూపులు చూస్తూ, మగవాణ్ణి, సూది పట్టడం నాకేం తెలుసు అన్నాను. "తెలీకుంటే నేర్చుకో" అంది అక్క.

నేను పోలేదు. ఆ ఆదివారం పోదామనుకున్నాను, తర్వాత ఎండాకాలం సెలవులకు అనుకున్నాను. పల్లెలో ఆడవాళ్ళ మధ్య చాపమీద కూర్చుని, నేనేం చేశానో అందరికీ తెలిసి ఉండగా, సూది పట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. బేస్తవారాలు మళ్ళీ మొదలయ్యాయి. సుశీల కూడా కూర్చునేది. గంగులమ్మకు ఇంకో బొంత కుట్టారు. దాని తర్వాత ఇంకెన్నో కుట్టారు. మళ్ళీ బస్సులెక్కారు, రైలెక్కారు, ఒకసారి బెంగుళూరు దాకా పోయి లాల్‌బాగ్ చూసి వచ్చారు. నాతో ఎవరూ మాట మానలేదు. అక్క అన్నం పెట్టడం మానలేదు. కానీ అదివరకు ఎక్కడికి పోయి వచ్చినా, మొహం కడుక్కోకముందే నాకు అంతా చెప్పేది. ఇప్పుడు "పొయ్యొస్తా" అని పోయేది, "వచ్చినా" అని వచ్చేది. ఆ కథలన్నీ నాకు సుశీల ద్వారా, రెండో చేతిమీదుగా అందేవి. నేను పోగొట్టుకున్నది అదీ. రామక్క మాత్రం ఖాళీ కుండ చంకన పెట్టుకుని పోతూ పోతూ, "అయ్యోరా, నీ మూల అట్లే ఉండాది" అని నవ్వుతూ హెచ్చరించి పోయేది. ఆమె కన్నుమూసేదాకా అంటూనే ఉంది. తర్వాత నాకు బదిలీలు, పిల్లలు. అక్క కూడా పోయింది. చివరి రోజుల్లో కూడా ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో బీరువా తలుపు తెరిస్తే గుడ్డలు మీదపడతాయి. ఒకసారి కట్టి పక్కన పెట్టినవే ఎన్నో. కొట్లో దుప్పటి కొనుక్కుంటాం, చినిగితే పారేస్తాం. దాన్ని ఎవరు కుట్టారో తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. వీధిలో ఒకరింటికి ఒకరు పోవాలంటే ముందు ఫోను చేయాలి. ఇది కాలం తప్పు అని తేలిగ్గా అనవచ్చు. నేను అనలేను. నలుగురు కూర్చుని నవ్వుకునే గదిని ఏ కాలమూ మూయకముందే, నా చేతులతో ఒక చలికాలం మూశాను.

గంగులమ్మ వచ్చి పోయిన మరునాడు నా పాత చొక్కా ఒకటి కత్తిరించాను, గుడికి వేసుకుపోయేది. సుశీల సూదిలో దారం ఎక్కించి చేతిలో పెట్టింది. ఆ మూల మూయడానికి నాకు రెండు పూటలు పట్టింది. సూది పక్కకు పోతుంది, పొరలు జారిపోతాయి. పూర్తయ్యాక, దులుపుదామంటే మిగతా మూలలు పట్టుకోవడానికి ఎవరున్నారు? ఆలోచించి, బొంత చంకన పెట్టుకుని ఖాసింబీ ఇంటికి వెళ్ళాను. ఆమె ఒక్కతే మిగిలింది. మనవడి ఇంట్లో, కిటికీ పక్కన కుర్చీలో ఉంటుంది. చూపు దాదాపు పోయింది. ఒళ్ళో పెట్టగానే బొంతను తడిమింది. రామక్క ఎర్రంచు ముక్క, నాగమ్మ రైక ముక్క, తన పూల గుడ్డ ముక్క, ఒక్కొక్కటీ పేరు పెట్టి పలకరించింది. నాలుగో మూల దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవురు కుట్టింది ఇది? ఎద్దు ఉచ్చ పోసినట్లుండాది."

"నేనే ఖాసింబీ. దావీదును."

ఆమె బొటనవేలితో ఆ కుట్టును మళ్ళీ మొదటినుంచి చివరిదాకా తడిమింది. తర్వాత బొంత నా ఒళ్ళోకి తోసింది.

"ఇప్పు అన్నా. మల్లా కుట్టు. దీన్ని దులిపితే నిలబడదు."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని, ఆమె కాళ్ళ దగ్గర చాపమీద కూర్చుని, నా కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. అవి ఊడి రావడానికి ఎంతో సేపు పట్టలేదు. కొత్తగా పది కుట్లు వేసేసరికి పొద్దు వాలింది. ఆమె చెయ్యి చాపి వాటిని తడిమి చూసింది.

"ఈ పొద్దుకు చాలు. దాన్ని ఈడనే పెట్టిపో" అంది. "బేస్తవారం రా. సుశీలను కూడా తోడుకోనిరా."